లూణా వైపు నుంచి శివ్‌కుమార్ బటాల్వీ

పంజాబ్ పల్లెల్లో పేలాలు వేయించే పొయ్యిని భట్టీ అంటారు. సాయంత్రం పూట ఊళ్లోవాళ్లు మొక్కజొన్న గింజలో శనగలో పట్టుకొని వెళ్తే, భట్టీ దగ్గర కూర్చున్న ఆమె వాటిని కాగిన ఇసుకలో పోసి వేయించి ఇస్తుంది, తన కూలి తాను తీసుకుంటుంది. అలా ఒకసారి వేయించడానికి ఇచ్చే గింజల మోతాదుకు పంజాబీలో 'పరాగా' అని పేరు. మన వాడుకలో ఒక వాయి అనుకోవచ్చు. 1960లో వెలువడిన శివ్‌కుమార్ బటాల్వీ తొలి సంపుటి పేరు 'పీడాన్ దా పరాగా', అంటే ఒక వాయి బాధలు. అందులోని పాటలో మాట్లాడే మనిషి భట్టీ ఆమెను పిలిచి, తన బాధల వాయి వేయించి పెట్టమని, కూలి కన్నీళ్లతో చెల్లిస్తానని అంటాడు. అప్పటికే పొద్దు వాలిపోయింది, మేతకు వెళ్లిన గేదెలూ ఆవులూ ఇంటికి తిరిగి వచ్చేశాయి, గూళ్లు చేరిన పిచ్చుకలు గోల పెడుతున్నాయి, తన పని మాత్రం ఇంకా కాలేదు. దుఃఖాన్ని గింజల కొలతతో కొలిచి, దానికి కూలి బేరం కూడా ఆడటమన్న ఊహ ఇరవయ్యేళ్లు దాటి ఎంతోకాలం కాని కవికి ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న దగ్గర మొదలుపెడితే, ఆయన గురించి ప్రచారంలో ఉన్న కథ కొంచెం పక్కకు జరుగుతుంది.

ఆ కథ అందరికీ తెలిసినదే. ప్రేమలో ఓడిపోయినవాడు, మద్యానికి బానిస అయినవాడు, యౌవనంలోనే చనిపోతానని పాట రాసి ముప్పై ఆరేళ్లకే మరణించినవాడు, చిన్న వయసులోనే పోయిన ఇంగ్లిష్ కవి పేరు మీద 'పంజాబ్ కీట్స్'. ఇందులో అబద్ధం తక్కువ, కానీ కవిత్వం కూడా తక్కువే. కవి జీవితాన్నే కవిత్వానికి తాళంచెవిగా వాడటం వల్ల, ఆయన రచనలన్నిటిలో ఎక్కువ శ్రమతో రాసినదీ, తన సొంత విరహంతో నేరుగా సంబంధం లేనిదీ అయిన 'లూణా' అనే కావ్యనాటకం, బహుమతి తెచ్చిన పుస్తకంగా మాత్రమే గుర్తుండిపోయింది. నిజానికి అంతకు ముందు రాసిన పాటలన్నీ ఆ నాటకానికి సాధకంలా కనిపిస్తాయి.

శివ్‌కుమార్ పుట్టిన ఊరు బడా పిండ్ లోహ్‌టియాన్. పుట్టిన తేదీ 1936 జూలై 23 అని ఎక్కువమంది రాస్తారు, 1937 అక్టోబర్ అనే వాదన కూడా ఉంది. ఆ ఊరు అప్పటి గురుదాస్‌పూర్ జిల్లా షకర్‌గఢ్ తహసీల్‌లో ఉండేది. 1947 ఆగస్టులో రాడ్‌క్లిఫ్ గీత గీసినప్పుడు గురుదాస్‌పూర్ జిల్లాలోని గురుదాస్‌పూర్, బటాలా, పఠాన్‌కోట్ తహసీళ్లు భారత్‌కు దక్కాయి. రావి నదికి అవతల ఉన్న షకర్‌గఢ్ ఒక్కటి పాకిస్తాన్‌కు వెళ్లింది. ఒకే జిల్లా రెండు దేశాలైంది. రెవెన్యూ శాఖలో తహసీల్దారుగా పనిచేసిన తండ్రి పండిత్ కృష్ణగోపాల్ కుటుంబంతో నది ఇవతలకు వచ్చి బటాలాలో స్థిరపడ్డారు. అప్పటికి పిల్లవాడికి పదకొండేళ్లు. తర్వాత తన పేరు చివర చేర్చుకున్న 'బటాల్వీ' అన్న మాటకు బటాలావాడు అని అర్థం. అంటే ఆయన పేరులో నిలిచింది పుట్టిన ఊరు కాదు, వలస వచ్చి చేరిన ఊరు. గురునానక్ వివాహం జరిగిన పట్టణంగా సిక్కులు పవిత్రంగా చూసే బటాలాకు ఇనుప పోత పనుల కార్ఖానాల పట్టణంగా కూడా పేరుంది. ఆ కార్ఖానాల పొగ శివ్‌కుమార్ పాటల్లో పెద్దగా కనిపించదు. ఆయన పాటల్లో ఉన్న ఊరు చిన్ననాడు రావి అవతల వదిలేసినదే అనిపిస్తుంది.

పంజాబీ కవయిత్రి అమృతా ప్రీతమ్, 'హీర్' కావ్యం రాసిన పాతకాలపు కవి వారిస్ షాను పిలిచి నిలదీసిన పాట దేశ విభజన సాహిత్యానికి గుర్తుగా నిలిచింది. అదే విభజనలో ఊరు పోగొట్టుకున్న శివ్‌కుమార్ దాని గురించి నేరుగా రాసింది చాలా తక్కువ. కాకపోతే ఆయన కవిత్వమంతటా ఉన్న ఎడబాటు ఒక స్త్రీ కోసం మాత్రమే అనుకోవడం కష్టం. పక్షులు, తుమ్మచెట్లు, నూతి గట్లు, సాయంత్రపు పశువుల మందలు, అన్నీ ఎక్కడో దూరంగా ఉన్నట్టూ, తిరిగి చేరలేనట్టూ కనిపిస్తాయి. దీన్ని ఆధారాలతో నిరూపించలేం. పాటలు వరసగా చదివినవాళ్లకు మాత్రం తట్టకుండా ఉండదు.

చదువు నిలకడగా సాగలేదు. 1953లో మెట్రిక్ పాసైన తర్వాత బటాలాలోని బేరింగ్ యూనియన్ క్రిస్టియన్ కాలేజీలో సైన్సు, కాదియాన్‌లో ఆర్ట్స్, కాంగ్‌డా లోయలోని బైజ్‌నాథ్‌లో సివిల్ ఇంజనీరింగ్, నాభాలో మళ్లీ మరో కోర్సు. ఏదీ పూర్తి కాలేదు. తండ్రి చివరికి తన శాఖలోనే పట్వారీ ఉద్యోగం చూపించారు. తెలంగాణలో ఆ పేరుతోనే, ఆంధ్రలో కరణం పేరుతో తెలిసిన ఉద్యోగమే అది: పొలాల హద్దులు, పంటల లెక్కలు, శిస్తు వివరాలు. 1961 ప్రాంతంలో ఆయన దాన్ని వదిలేశారు. పట్వారీ పని ఆయనకు నచ్చలేదన్నది నిజమే కానీ వృథా పోలేదు. చెట్ల పేర్లు, నేలల రకాలు, ఏ రుతువులో ఏ పొలంలో ఏం ఉంటుందన్న సంగతులు ఆయన పాటల్లో ఎంత కచ్చితంగా ఉంటాయో చూస్తే, ఊళ్ల వెంట తిరిగిన రోజులు గుర్తుకొస్తాయి. కొన్ని చెట్లు కొడుకుల్లా, కొన్ని అమ్మల్లా, కొన్ని కోడళ్లలా కనిపిస్తాయని చెప్పే 'రుఖ్' అన్న కవితలో చెట్టు అలంకారం కాదు. బంధువుల జాబితాలో చేరిన మనిషి.

ప్రేమల సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది. బైజ్‌నాథ్ జాతరలో పరిచయమైన ఒక అమ్మాయి కొద్దికాలానికే జబ్బుచేసి చనిపోయిందనీ, 'మైనా' అనే స్మృతి కవిత ఆమె మీదేననీ అంటారు. ఆ తర్వాత ప్రేమించిన మరో యువతి పెళ్లి చేసుకొని విదేశాలకు వెళ్లిపోయిందనీ, డేగ పాట అందులో నుంచి పుట్టిందనీ అంటారు. ఈ వివరాలు తెలిసినందువల్ల పాట లోతు పెరగదు. డేగ పాటనే తీసుకుందాం. అమ్మా, నేను ఒక డేగను స్నేహితుడిగా చేసుకున్నాను అని మొదలవుతుంది. నెయ్యీ చక్కెరా కలిపి నలిపిన రొట్టెను పంజాబీలో చూరీ అంటారు. ఇంట్లో చిలకకూ పిల్లలకూ ముద్దుగా తినిపించేది అది. ఈ పక్షి చూరీ తినదు. గుండె మాంసం పెట్టవలసి వచ్చింది. ఒకనాడు అది ఎగిరిపోయి, తిరిగి ఈ దేశం వైపు రాలేదు. మాట్లాడుతున్నది ఒక స్త్రీ, వింటున్నది ఆమె తల్లి. కవి జీవితంలో వెళ్లిపోయినది స్త్రీ అయితే, పాటలో వెళ్లిపోయినది మగ డేగ, మిగిలిపోయినది స్త్రీ. స్వీయచరిత్ర తలకిందులైంది. దీన్ని కవి జీవితపు డైరీగా చదివేవాళ్లు దాటిపోయే అసలు సంగతి ఇదే.

ఈ తలకిందులు చేయడం శివ్‌కుమార్ సొంతంగా కనిపెట్టినది కాదు. పంజాబీ సూఫీ కవులు షా హుసేన్, బుల్లే షా స్త్రీ గొంతుతోనే దేవుడిని పిలిచారు. అమ్మా, నా ఎడబాటు ఎవరితో చెప్పుకోను అంటూ షా హుసేన్ తల్లిని పిలిచి నాలుగు వందల ఏళ్లు దాటింది. పెళ్లికూతురును సాగనంపేటప్పుడు పాడే సుహాగ్ పాటలు, చావు ఇంట్లో ఆడవాళ్లు గుండెలు బాదుకుంటూ పాడే అలాహుణీలు, ఇవన్నీ స్త్రీల నోటి పాటలు. 'విరహమా, నువ్వు సుల్తానువు' అని అర్థం వచ్చే 'బిర్హా తూ సుల్తాన్' అన్న మాట కూడా సూఫీ కవి షేక్ ఫరీద్‌ది. విరహం పుట్టని ఒంటిని శ్మశానంగా ఎంచమన్న ఆయన శ్లోకం గురుగ్రంథ్ సాహిబ్‌లో ఉంది. 1964లో తన సంకలనానికి శివ్‌కుమార్ ఆ పేరే పెట్టుకున్నారు. జనం ఆ బిరుదును తిప్పి ఆయనకే ఇచ్చేశారు: 'బిర్హా దా సుల్తాన్'. విరహం సుల్తాను అన్నది ఫరీద్ మాట. కవి విరహానికి సుల్తాను అన్నది అభిమానుల మాట. రెండింటికీ మధ్య తేడా చిన్నది కాదు. ఫరీద్ దగ్గర అది భగవంతుడి కోసం పడే తపన. శివ్‌కుమార్ దగ్గర భగవంతుడు లేడు, తపన అలాగే ఉండిపోయింది. ఆయన ఆధునికత ఏమిటని ఎవరైనా అడిగితే చూపించదగినది ఈ ఖాళీయే.

పాట కట్టడంలో ఆయన నేర్పు ఇంటి సామాను వాడుకోవడంలో ఉంది. నుస్రత్ ఫతే అలీ ఖాన్ గొంతులో ప్రసిద్ధమైన మరో 'మాయే నీ మాయే' (అమ్మా, ఓ అమ్మా) పాటలో, తన పాటల కళ్లలో విరహం నలుసులా గుచ్చుకుంటోందని ఒక అమ్మాయి తల్లికి మొర పెట్టుకుంటుంది. కంట్లో నలుసు పడితే తల్లులు చేసే వైద్యమే అక్కడ వరసగా వస్తుంది: పరిమళంలో తడిపిన వెన్నెల గుడ్డతో కట్టు కట్టినా నొప్పి నిద్రపోదు, వెచ్చటి ఊపిరితో కాపడం పెడితే తగ్గకపోగా తినడానికి మీదికి వస్తుంది. ఇందులో వెన్నెల కట్టు అన్నది కవి ఊహ. నలుసు, కట్టు, కాపడం మాత్రం ప్రతి ఇంట్లో ఉన్నవి. ఊహ ఎంత పైకి ఎగిరినా కాలు వంటింట్లోనే ఉండటం వల్ల, అక్షరం రాని శ్రోతకూ ఆ పాట కొత్తగా వినిపించలేదు. 1962 నాటి సంపుటి పేరు 'ఆటే దియాన్ చిడియాన్', పిండి పిచ్చుకలు. రొట్టెల పిండితో తల్లులు పిల్లలకు చేసి ఇచ్చే బొమ్మలు అవి. దానికి ముందు ఏడాది వచ్చిన 'లాజ్‌వంతీ' అంటే అత్తిపత్తి. 'ఇష్తిహార్' అన్న కవిత ఇంకో దారిలో నడుస్తుంది. తప్పిపోయిన మనిషి కోసం పత్రికలో వేసే ప్రకటన రూపంలో, ఒక అమ్మాయి కనిపించడం లేదు, పేరు ప్రేమ, అంటూ ఆనవాళ్లు చెప్పుకుంటూ పోతుంది. సర్కారీ ప్రకటన వరస లేకపోతే అది మామూలు ప్రేమగీతం అయ్యేది.

కవి దర్బార్లలో ఆయన ఈ పాటలను తరన్నుమ్‌లో, అంటే రాగం తీసి పాడుతూ వినిపించేవారు. 1960ల పంజాబ్‌లో కవిత్వం పుస్తకం కంటే వేదిక మీద ఎక్కువ బతికేది. అందగాడు, గొంతులో ఒక రకమైన జీర ఉన్నవాడు కావడంతో ఆయన కీర్తి పుస్తకాల అమ్మకంతో సంబంధం లేకుండా ఊళ్లు దాటింది. ఇదే ఆయనకు కష్టం కూడా అయింది. వేదిక మీది శ్రోతలు నిన్న విన్న ఏడుపునే మళ్లీ అడుగుతారు. 1960 నుంచి 1964 వరకూ ఇంచుమించు ఏటా ఒక పుస్తకం వచ్చింది. వాటిని వరసగా చదివితే కొన్ని చోట్ల అవే ప్రతీకలు, అవే చావు కోరికలు అలసట కలిగిస్తాయి. అభ్యుదయవాద విమర్శకులు దీన్ని పలాయనమనీ, జబ్బు మనస్తత్వమనీ కొట్టిపారేశారు. పాటల మీద వాళ్ల ఫిర్యాదులో సగం న్యాయం ఉంది. రాబోయే పుస్తకాన్ని వాళ్లు ఊహించలేదు.

'లూణా' 1965లో వచ్చింది. దాని వెనుక ఉన్నది పంజాబ్‌లో ప్రతి ఇంట్లో తెలిసిన పూరన్ భగత్ కథ. సియాల్‌కోట్ రాజు సల్వాన్‌కు ఇచ్ఛరాన్ వల్ల పూరన్ పుడతాడు. పుట్టిన బిడ్డ ముఖం తండ్రి చూడకూడదని జ్యోతిష్కులు చెప్పడంతో ఏళ్ల తరబడి నేలమాళిగలో పెంచుతారు. ఈలోగా ముసలి రాజు లూణా అనే తక్కువ కులపు పడుచును పెళ్లాడతాడు. బయటికి వచ్చిన పూరన్‌ను చూసి సవతి తల్లి మోహించి, అతను కాదంటే చెయ్యి పట్టుకున్నాడని రాజుతో చెబుతుంది. రాజు కాళ్లూ చేతులూ నరికించి బావిలో పడవేయిస్తాడు. నాథ యోగి గోరఖ్‌నాథుడు బతికించి శిష్యుడిగా చేసుకుంటాడు. రంజిత్ సింగ్ కాలం నాటి కవి కాదర్‌యార్ రాసిన కిస్సా, అంటే కథాకావ్యం, ఈ కథకు స్థిరమైన రూపం ఇచ్చింది. అందులో పూరన్ భక్తుడు, లూణా పాపిష్ఠిది. పాఠకుడికి అనుమానం లేదు. సియాల్‌కోట్ దగ్గర ఇప్పటికీ పూరన్ బావి ఉంది. సంతానం లేని స్త్రీలు అక్కడికి వెళ్లి స్నానం చేసే ఆచారం ఉండేది. శివ్‌కుమార్ పుట్టిన షకర్‌గఢ్ ప్రాంతం సియాల్‌కోట్‌కు ఆనుకునే ఉంటుంది కాబట్టి, ఆయనకు ఇది పుస్తకంలో చదివిన కథ కాదు, పొరుగు ఊరి కథ.

తెలుగువారికి ఈ కథ వినగానే రాజమహేంద్రవరం గుర్తుకు రావడం సహజం. రాజరాజ నరేంద్రుడు, రత్నాంగి, చిత్రాంగి, సారంగధరుడు; పావురం ఎగిరి చిత్రాంగి మేడ మీద వాలడం, నింద, కాళ్లూ చేతులూ నరికించడం, సిద్ధుడు బతికించడం. ఇది యాదృచ్ఛికమైన పోలిక కాదు. నాథ సంప్రదాయంలో నాలుగు అంగాలు తెగి మళ్లీ మొలిచిన సిద్ధుడి పేరు చౌరంగీనాథుడు. పంజాబ్‌లో పూరన్ భగతే చౌరంగీ అంటారు. తెలుగులో పదిహేనో శతాబ్దపు గౌరన ద్విపదలో రాసిన 'నవనాథ చరిత్ర'లో సారంగధరుడే చౌరంగి అవుతాడు. నాథ యోగులు ఊరూరా మోసుకెళ్లిన ఒకే కథ సియాల్‌కోట్‌లో ఒక రాజు పేరు, గోదావరి ఒడ్డున మరో రాజు పేరు తగిలించుకుంది. రాజమండ్రిలో సారంగధర మెట్ట ఉంది, సియాల్‌కోట్‌లో పూరన్ బావి ఉంది. తెలుగులో చేమకూర వెంకటకవి దీన్ని ప్రబంధం చేశారు, ధర్మవరం కృష్ణమాచార్యులు 'విషాద సారంగధర' పేరుతో నాటకం చేశారు, గురజాడ సైతం యౌవనారంభంలో ఇంగ్లిష్‌లో 'సారంగధర' కావ్యం రాశారు. 1957 సినిమాలో భానుమతి చిత్రాంగి వేషం వేశారు. ఇన్ని రూపాల్లోనూ కథకు పేరు సారంగధరుడిదే. పంజాబీలో శివ్‌కుమార్ చేసిన మొదటి పని కథ పేరు మార్చడం. పూరన్ పేరు తీసి లూణా పేరు పెట్టారు.

ఎనిమిది అంకాల ఈ కావ్యనాటకం సంస్కృత నాటక పద్ధతిలో సూత్రధారుడూ నటీ మాట్లాడుకోవడంతో చంబాలో, రావి పుట్టిన కొండల దగ్గర మొదలవుతుంది. చంబా రాజు వర్మన్ ఇంటికి అతిథిగా వచ్చిన సల్వాన్ అక్కడ లూణాను చూస్తాడు. ఆమె పేద ఇంటి పిల్ల, తండ్రి బారూ అంటరానివాడు. రాజు అడిగితే ఆ తండ్రికి కాదనే శక్తి లేదు. ఇక్కడే కథ నీతి మారిపోతుంది. పాత కిస్సాలో పాపం పూరన్ గదిలో మొదలవుతుంది. ఈ నాటకంలో అది పెళ్లి పందిట్లో మొదలైంది; వయసు, కులం, డబ్బు మూడూ ఒకవైపే ఉన్న పెళ్లి అది. తన స్నేహితురాళ్లతో లూణా చెప్పుకునే మాటల్లో నిప్పు అనే పదం మళ్లీ మళ్లీ వస్తుంది. తాను నిప్పు అయితే తనను కట్టబెట్టింది బూడిదకన్నట్టు ఉంటాయి ఆ మాటలు. తర్వాత ఆమె వేసే ప్రశ్న ఈ నాటకంలో అందరికీ కంఠస్థమైన భాగం: తండ్రి వయసువాడు కూతురి వయసు పిల్ల అందాన్ని అనుభవిస్తే లోకానికి సిగ్గు లేదు, అదే లూణా పూరన్‌ను కోరుకుంటే శీలం లేనిదని లోకం నాలుక ఎందుకు అంటుంది? తాను పూరన్‌కు తల్లినైనా పూరన్ ఈడుదాన్నేనని ఆమె గుర్తుచేస్తుంది.

దీన్ని కేవలం స్త్రీ పక్షాన వాదించిన నాటకం అని ముగిస్తే దాని బలం సగమే తెలుస్తుంది. పూరన్ మీద లూణా వేసిన నింద అబద్ధమే, నరికించినది కూడా ఆ అబద్ధమే. శివ్‌కుమార్ ఆ సంగతిని దాచలేదు. అన్యాయానికి గురైన మనిషి మరొకరికి అన్యాయం చేయడమనే చోట ఆయన పాఠకుణ్ణి వదిలిపెట్టారు. ఇంకో వైపు ఇచ్ఛరాన్ ఉంది: పెద్ద భార్య, కన్నతల్లి, మరో పెళ్లితో పక్కకు నెట్టబడ్డ మనిషి. ఒకే పురుషుడి చేతిలో ఇద్దరు స్త్రీలు రెండు రకాలుగా ఖర్చైపోవడం చూపించినందువల్ల, సవతుల కథలో సాధారణంగా ఉండే మంచి చెడుల పంపకం ఇక్కడ కుదరదు. లోపాలు కూడా లేకపోలేదు. సల్వాన్ ప్రసంగాలు సాగుతాయి, పూరన్ చాలాచోట్ల మనిషి కంటే ఆదర్శంలా మాట్లాడతాడు, కొన్ని ప్రకృతి వర్ణనలు నాటకాన్ని ఆపి కవి తన నేర్పు చూపుకోవడానికే ఉన్నట్టుంటాయి. వేదిక మీద ఆడటానికి కంటే చదువుకోవడానికే ఇది అనువుగా ఉంటుంది.

భాష విషయంలో మాత్రం పాటల కవి ఇక్కడ తన పూర్తి పనితనం చూపించారు. తల్లిని పిలిచి మొరపెట్టుకునే గొంతు, సుహాగ్ పాట లయ, శాపం పెట్టే ఆడవాళ్ల నుడికారం, ఇంతకాలం ఎవరిదని తెలియని స్త్రీ గొంతుగా పాటల్లో తిరిగినవన్నీ 'లూణా'లో ఒక కులమూ ఒక ఇల్లూ ఒక కారణమూ ఉన్న మనిషి నోటికి చేరాయి. పాటల్లో విరహానికి కారణం చెప్పవలసిన అవసరం రాలేదు. నాటకంలో కారణం చెప్పక తప్పలేదు. చెప్పేసరికి అది విధి కాదని, పెళ్లి అనే వ్యవహారమని తేలింది. ఏడుపు తప్ప ఏమీ లేదని ఆయనను తప్పుపట్టినవారికి ఇంతకంటే సూటి జవాబు ఆయన ఏ వ్యాసంలోనూ రాయనక్కరలేకపోయింది.

1967లో 'లూణా'కు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ముప్పై దాటిన కొత్తలోనే ఆ గౌరవం అందుకున్న ఆయనను అప్పటివరకూ అందుకున్నవారిలో అందరికంటే చిన్నవాడిగా చెబుతారు. అదే ఏడాది ఫిబ్రవరిలో పెళ్లి జరిగింది. ఒక కొడుకు, ఒక కూతురు పుట్టారు. అప్పటికే బటాలాలో స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తున్న ఆయన 1968లో చండీగఢ్‌కు బదిలీ అయ్యారు. కాంక్రీటు సెక్టార్లతో కొత్తగా కట్టిన ఆ నగరంలో విశ్వవిద్యాలయ వాతావరణం, కొత్త విమర్శ పద్ధతులు ఉండేవి. గేయం పాతబడిందన్న అభిప్రాయం గట్టిపడుతున్న కాలం అది. 1970లో వచ్చిన 'మైన్ తే మైన్' అన్న దీర్ఘ కవితలో ఆయన గేయమార్గం వదిలి, 'నేను' అనే దాన్నే ముక్కలు చేసి పరిశీలించే ప్రయత్నం చేశారు. దానికి దర్బారు శ్రోతలూ లేరు, పెద్దగా విమర్శకుల ఆదరణా లేదు.

అదే 1970లో, ఇరవయ్యేళ్ల విప్లవ కవి పాష్ తొలి సంపుటి 'లోహకథ' వెలువడింది. నక్సల్బరీ ప్రభావంతో పంజాబీలో పోరాట కవుల తరం వచ్చింది. శ్రీకాకుళం పోరాటం నేపథ్యంగా తెలుగులో విప్లవ రచయితల సంఘం, విరసం, ఏర్పడింది కూడా ఆ సంవత్సరమే. ఇనుము, కొడవలి, పోలీసు లాఠీ కవిత్వంలోకి వచ్చాక, వెన్నెల కట్టుతో నొప్పికి కాపడం పెట్టే కవి ఒక్కసారిగా పాత తరంవాడైపోయాడు, అప్పటికి ఆయనకు ముప్పై నాలుగేళ్లే అయినా. సాహిత్య చరిత్రలో తరాలు వయసుతో మారవన్నది ఇక్కడ బాగా తెలుస్తుంది. లూణా తండ్రి అంటరానివాడు కావడంలో ఉన్న రాజకీయాన్ని ఆ తరం ఆగి చదివి ఉంటే ఇంత దూరం ఉండేది కాదేమో.

1972లో ఆయన ఇంగ్లండ్ వెళ్లారు. అక్కడి పంజాబీ కుటుంబాలు ఆయనను తమ ఇళ్లకూ సభలకూ తిప్పాయి, రాత్రులు పాడించుకున్నాయి, తాగించాయి కూడా. బీబీసీ కోసం మహేంద్ర కౌల్ చేసిన ఇంటర్వ్యూ ఇప్పటికీ అంతర్జాలంలో విస్తృతంగా చూసే దృశ్యం. అందులో ఆయన ఆలోచించే మనిషి బతుకు నెమ్మదిగా చేసుకునే ఆత్మహత్య లాంటిదన్న అర్థంలో మాట్లాడతారు, తర్వాత పాడతారు. వచ్చే పాటకు మాటలతో ముందే రంగం సిద్ధం చేసినట్టు ఉంటుంది. అభిమానులు కోరుకున్న శివ్‌కుమార్‌ను ఆయనే వాళ్లకు అందించారని ఆ దృశ్యం చూస్తే అర్థమవుతుంది. తిరిగి వచ్చేసరికి కాలేయం బాగా పాడైపోయింది. చేతిలో డబ్బు కూడా పెద్దగా లేదు. 1973 మే 6న పఠాన్‌కోట్ దగ్గర కీడీ మంగ్యాల్ అనే ఊళ్లో, అత్తవారింట్లో ఆయన మరణించారు. యౌవన రుతువులో పోయినవాళ్లు పువ్వులో నక్షత్రమో అవుతారని ఆయన రాసిన పాట ఆ రోజు నుంచి జోస్యమైపోయింది. యౌవనంలో చావాలని పాటలు రాసి ముసలితనం దాకా బతికిన కవులు ఎంతమంది ఉన్నారో ఎవరూ లెక్క పెట్టరు.

పాటలు మాత్రం ఆగలేదు. ఆసా సింగ్ మస్తానా, సురీందర్ కౌర్, మహేంద్ర కపూర్, జగ్జీత్ సింగ్, చిత్రా సింగ్, హన్స్‌రాజ్ హన్స్ ఆయనను పాడారు. సరిహద్దు అవతల నుస్రత్ పాడటంతో, పుట్టిన ఊరు ఉన్న దేశంలోకి ఆయన గొంతు రికార్డుల రూపంలో వెళ్లింది. గుర్ముఖి లిపిలో రాసుకున్నవి పాకిస్తాన్ పంజాబీలు వాడే షాముఖి లిపిలో అచ్చయ్యాయి. 2009 నాటి 'లవ్ ఆజ్ కల్', 2016 నాటి 'ఉడ్తా పంజాబ్' సినిమాలు ఆయన పాటలను పంజాబీ రాని శ్రోతల దాకా తీసుకెళ్లాయి. తప్పిపోయిన అమ్మాయి ప్రకటన హైదరాబాద్‌లో కారు స్పీకర్లలోనూ మోగింది, ఎవరు రాశారో తెలియకుండానే. గాయకులు సహజంగానే మూడు నాలుగు చరణాలు ఏరుకుంటారు, పాటకు పట్టని చరణాలు జారిపోతాయి. భట్టీ పాటలో కూలి బేరం మిగిలింది, తప్పిపోయిన పిల్ల ఆనవాళ్లు కొన్ని మిగిలాయి. 'లూణా'లో ఏరుకోవడానికి వీలైన పల్లవి దాదాపు లేదు. అందులోని ఆడవాళ్లు ఒకరి మాటకు ఒకరు జవాబు చెప్పుకుంటూ ఎనిమిది అంకాల పొడవునా వాదిస్తారు, మధ్యలో కత్తిరిస్తే ఎవరు ఎవరితో అంటున్నారో తెలియదు. సియాల్‌కోట్ బావి దగ్గర పాడే కథల్లో లూణా ఇంకా పాత లూణాయే. రాజమండ్రి మెట్ట దగ్గర చిత్రాంగి కూడా అంతే.